ఏట్లో తలుపులు

"అందరికీ తెలియజేయునదేమనగా, మన పంచాయతీ వార్డుల విభజన మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇవాళే ఆఖరు రోజు. మధ్యాహ్నం మూడు గంటలకి మండలం నుంచి ఆఫీసరుగారు వస్తున్నారు. చెప్పుకోవలసినవాళ్ళు కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసుకి తీసుకురావలెను. తరవాత చెబితే చెల్లదు."

దైవాధీనం మైకు కిందికి దించి గొంతు సవరించుకుని, సైకిలు ఇంకో ముప్పై గజాలు నడిపించాడు. పొద్దున ఆరున్నర నుంచి ఇది పందొమ్మిదోసారి. హ్యాండిలుకి వేలాడుతున్న బ్యాటరీ డబ్బా మోకాలికి తగిలి తగిలి అక్కడ చర్మం కమిలిపోయింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. బక్కపల్చని ఒళ్ళు, ముందుకు వంగిన మెడ, ఎన్నిసార్లు కిరసనాయిలుతో కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోని ఆకుపచ్చ రంగు. ఎదురుగా ఎవరు వచ్చినా ముందు తనే పక్కకి తప్పుకునే అలవాటు వల్ల మొగలితిప్ప ఊళ్ళో సగంమంది ఆయన మొహం సరిగా చూసి ఉండరు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. నీళ్ళు రావని చెప్పేదీ, కుక్కలకి సూదులు వేస్తారని చెప్పేదీ, పన్ను కట్టమని చెప్పేదీ ఆ గొంతే.

టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకాయన కేకేశాడు. "ఏమయ్యా దైవాధీనం, మా ఇంటిని ఏ వార్డులో పడేశారయ్యా ఈసారి?"

"మీ ఇల్లు ఎక్కడిదక్కడే ఉందండి. నోటీసు బోర్డు మీద ఉంది, చూసుకోండి."

"ఎక్కడిదక్కడే ఉంటే ఇంక అభ్యంతరం దేనికి?" అన్నాడాయన. అందరూ నవ్వారు. దైవాధీనం కూడా నవ్వి, సైకిలు ముందుకి తోశాడు.

నిజమే. ఊళ్ళో చాలామంది ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊరిని పది ముక్కలు చేసి, ముక్కకో మెంబరుని ఎన్నుకోమన్నారు. ఏ ముక్కలో ఉన్నా వాళ్ళకి నీళ్ళు వస్తాయి, దీపాలు వెలుగుతాయి. వాళ్ళకి గీత ఎటు పోతే ఏం? గీతతో పని ఉన్నవాళ్ళు ఊరికి అవతల ఉన్నారు. మురుగునీటి డ్రెయిను మీది ఇనప వంతెన దాటితే పాలెం. నలభై మూడు చేపలవాళ్ళ ఇళ్ళు. దైవాధీనం వంతెన ఎక్కేముందు మైకు స్విచ్చి కట్టేశాడు. ఆ మాటలు మైకులో చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

మూడు రోజుల కిందట ముసాయిదా జాబితాని నోటీసు బోర్డుకి అంటించింది ఆయనే. మైదాపిండి జిగురు రాసి, కాగితం మీద అరచేత్తో సాపు చేస్తూ, అలవాటుగా నంబర్లు చదివాడు. తను రాసిన నంబర్లు కదా. ఊళ్ళో ప్రతి గుమ్మం మీదా నంబరు రాసింది దైవాధీనమే. చదువుతూ చదువుతూ ఏడో వార్డు చివర చెయ్యి ఆగిపోయింది. నాలుగో వీధి, ఇంటి నంబరు 4-86 నుంచి 4-96 వరకు. ఎనిమిదో వార్డు చివర అయిదో వీధివి పది ఇళ్ళు. తొమ్మిదిలో ఆరో వీధివి పన్నెండు. పదిలో ఏడో వీధివి పది. నాలుగూ కూడితే నలభై మూడు. పాలెం మొత్తం నాలుగు ముక్కలై నాలుగు వార్డుల తోకల్లో వేలాడుతోంది. జిగురు ఆరిపోతున్నా ఆయన ఆ కాగితం మీద చెయ్యి తియ్యలేకపోయాడు. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో ఊరు మొత్తం మీద ఆయనొక్కడికే తెలుసు. అది ఆయన నోట్లోంచే పుట్టింది.

పదహారేళ్ళ కిందట పాలెం అక్కడ లేదు. ఊళ్ళోంచి నాలుగు వీధులు ఏటి ఒడ్డుకి దిగేవి. ఆ వీధుల చివర, ఒడ్డుని ఆనుకుని చేపలవాళ్ళ ఇళ్ళు ఉండేవి. వరద వచ్చిన ఏడు ఏరు ఆ ఒడ్డుని కోసేసింది. నడుంలోతు నీళ్ళలో దైవాధీనం ఇంటింటికీ వెళ్ళి అరిచాడు. "తలుపులు వదలకండి! సామాను పోతే పోనీండి, తలుపులు ఊడదీసి పట్టుకెళ్ళండి. నంబరు తలుపు మీదే ఉంది. నంబరు పోతే రేషనూ పోద్ది, ఓటూ పోద్ది!" వాళ్ళు విన్నారు. గిన్నెలు వదిలారు, మంచాలు వదిలారు, తలుపులు మాత్రం నెత్తిన పెట్టుకుని వచ్చారు. కొందరు పిల్లల్ని ఆ తలుపుల మీదే పడుకోబెట్టి నీళ్ళలో లాక్కొచ్చారు. తరవాత సాయం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు తలుపు మీది నంబరు చూసి, పుస్తకంలో టిక్కు పెట్టుకుని, బియ్యమూ టార్పాలినూ ఇచ్చారు. తలుపు లేనివాడికి ఏమీ దొరకలేదు. దైవాధీనం తెలివిని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయనకి అంతకుముందు దొరకలేదు, ఆ తరవాతా దొరకలేదు.

డ్రెయిను అవతల మెరక మీద స్థలాలిస్తే ఇళ్ళు కట్టుకుని, ఆ తలుపులే బిగించుకున్నారు. నంబర్లు మారుస్తామని వచ్చిన ప్రతి సెక్రటరీ చెప్పాడు, ఎవరూ మార్చలేదు. కిందటి ఎన్నికలప్పుడు ఉన్న ముసలి సెక్రటరీ కాళ్ళతో నడిచి చూసి పాలేన్ని పదో వార్డుగా గీశాడు. పాలెంలో ఉండే సత్యవతమ్మ మెంబరు అయింది. ఆమె మీటింగుల్లో బల్ల గుద్ది గుద్ది మంచినీళ్ళ పైపుని డ్రెయిను దాకా లాగించింది. ఇంక వంతెన దాటాలి, అంతే. ఈసారి వార్డులు గీసింది మాత్రం కంప్యూటరులో. నంబర్లు వరసగా పేర్చి, పది భాగాలు చేశారు. కాగితం ప్రకారం నలభై మూడు ఇళ్ళూ ఇప్పటికీ ఆ నాలుగు వీధుల చివర ఉన్నాయి. అక్కడ ఇప్పుడు ఏరు పారుతోంది.

సత్యవతమ్మ ఇంటి ముందు చేపలకి ఐసు వేస్తోంది. నలభై అయిదేళ్ళుంటాయి. మోచేతుల దాకా పొలుసులు. బందరు మార్కెట్టుకి వెళ్ళే ఆటో రోడ్డు మీద హారను కొడుతోంది.

"రా అన్నయ్యా. మైకు ఆపేశావే? మాకు చెప్పకూడదా?"

"మీకు ఎదురుగా చెబ్దామని వచ్చానమ్మా. మూడింటికి ఆఫీసరుగారు వస్తారు. కాగితం రాయించావా?"

"రాయించాను. నిన్న మీ సెక్రటరీకి చూపిస్తే ఏమన్నాడో తెలుసా? మీ నంబర్లు ఆ వీధుల్లోనే ఉన్నాయి, రికార్డు లేకుండా మారిపోయామంటే కుదరదు అన్నాడు." ఆమె ఐసు ముక్కని పెట్టెలో విసిరికొట్టింది. "పదహారేళ్ళ నుంచి ఇక్కడ కాపురం చేస్తన్నాం. మా ఆయన ఇక్కడే పోయాడు. దీనికి రికార్డు కావాలంట."

"పాలెంలో ఎన్ని ఓట్లమ్మా?"

"నూట ఇరవై ఆరు. ఒక్కచోట ఉంటే ఒక మెంబరు. నాలుగు ముక్కలైతే ముప్పయ్యేసి. ముప్పై ఓట్లోళ్ళ కోసం వంతెన మీద పైపు ఎవడు ఏస్తాడన్నయ్యా? ఇంక మా బతుకంతా బిందెలు మొయ్యడమే."

దైవాధీనం తల దించుకున్నాడు. ఆమె తలుపు మీద 5-104 అని ఉంది. తన చేతిరాతే. నాలుగు అంకెకి కింద చిన్న తోక పెట్టడం తన అలవాటు.

"తలుపులు తెచ్చుకోమని నేనే చెప్పాను," అన్నాడు.

"నువ్వు చెప్పబట్టే ఆవేళ తిండి దొరికింది. ఇప్పుడు ఏడవమాకు." సత్యవతమ్మ చేతులు తుడుచుకుంది. తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. "మా ఇళ్ళు ఆ వీధుల చివరే ఉన్నాయని కదా వాళ్ళ కాగితం? సరే. ఉంచుదాం. తలుపులు తీసుకెళ్ళి అక్కడే నిలబెడదాం. ఏ నంబరు ఎక్కడుండాలో అక్కడే. ఆఫీసరమ్మ వచ్చి చూసుకుంటది."

"ఏట్లోనా?"

"వాళ్ళు ఏట్లో ఏస్తే మేం ఏట్లోనే ఉంటాం."

పక్కింట్లోంచి బయటికి వచ్చిన శ్రీను అనే కుర్ర మత్స్యకారుడు అప్పటికే తన తలుపు పైకెత్తి చూస్తున్నాడు, ఎంత బరువుందోనని. దైవాధీనం గబగబా సైకిలు అందుకున్నాడు. "అమ్మా, నాకు చెప్పమాకండి. నేను పంచాయతీ మనిషిని. నేనేమీ వినలేదు," అన్నాడు. సైకిలు తిప్పాడు. మళ్ళీ ఆగాడు. సీటు కింద సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి సత్యవతమ్మ అరుగు మీద పెట్టాడు. "ఇది ఇక్కడ మర్చిపోయి వెళ్తన్నాను," అని చెప్పి, వెనక్కి చూడకుండా వంతెన దాటాడు.

పదకొండింటికి సెక్రటరీ శ్యాంబాబు ఆయన్ని లోపలికి పిలిచాడు. శ్యాంబాబు చెడ్డవాడేమీ కాదు. గుడివాడ నుంచి రోజూ వచ్చిపోతాడు, మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తింటూ కూడా ఫోనులో పై ఆఫీసుకి సమాధానాలు చెబుతుంటాడు. పైనుంచి అడిగిన జాబితా అడిగిన రోజుకి పంపడమే ఉద్యోగమని నమ్మినవాడు. అలాంటివాళ్ళ చేతుల్లోంచే ఊళ్ళు మాయమవుతాయన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"పాలెంవాళ్ళు ఏదో గొడవ చేస్తారంట కదా?"

"నాకు తెలీదండి."

"చూడు దైవాధీనం. జాబితా ఆన్‌లైన్లో ఎక్కిపోయింది. ఇప్పుడు మారిస్తే నన్నడుగుతారు, ముందే ఎందుకు చూసుకోలేదని. ఆ నంబర్ల సంగతి నీకు తెలుసని నాకు తెలుసు. నిన్నెవరూ అడగరు. అడిగినా నువ్వు మాట్లాడొద్దు. ఆ కాగితాల్లో నీ సంతకం కనపడిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. నువ్వేమన్నా పర్మనెంటా?"

"సరేనండి," అన్నాడు దైవాధీనం.

పర్మనెంటు కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి కాదు. ముప్పయ్యేళ్ళ వయసులో చర్చి గోడ మీద రంగుతో వాక్యాలు రాస్తుంటే అప్పటి సర్పంచి చూసి, "ఏం రాతరా నీది! రేపొచ్చి పంచాయతీ బోర్డు రాసి పెట్టు," అన్నాడు. ఆ రేపు ఇంకా అయిపోలేదు. బోర్డులు రాశాడు, నంబర్లు రాశాడు. తరవాత వాల్వులు తిప్పాడు, డ్రెయిన్లలో బ్లీచింగు చల్లాడు, చచ్చిన కుక్కల్ని ఈడ్చాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా బడి బెంచీలు మోసి పోలింగ్ బూత్ తయారుచేశాడు. ఎవరు గెలిచినా వాళ్ళ పేరు బోర్డు మీద రాసింది ఆయనే, ఓడినవాళ్ళ పేరు చెరిపిందీ ఆయనే. తన పేరు మాత్రం హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. అందులో కూడా పెన్సిలుతో.

ఒంటిగంటన్నరకి ఇంటికి వెళ్ళాడు. భార్య మార్తమ్మ బళ్ళో మధ్యాహ్న భోజనం వండి అప్పుడే వచ్చింది. కంచంలో అన్నం పెట్టి, ఆయన కలపకుండా కూర్చోవడం చూసి అడిగింది. చెప్పాడు. ఆమె మజ్జిగ పోస్తూ మొత్తం విన్నది.

"ఆ నంబర్లు రాసింది మీరేగా?"

"నేనే."

"తలుపులు మొయ్యమన్నది?"

"నేనే."

"మరి మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారండీ? ఏరొచ్చి చెప్పుద్దా?"

"ఉద్యోగం పోద్దే."

"ఇరవై తొమ్మిదేళ్ళు చేశారు. అది ఉద్యోగమో కాదో నాకిప్పటిదాకా తెలీలేదు. పోయాకైనా తెలుస్తదేమో చూద్దాం. చిలకలపూడిలో మన అబ్బాయి జేమ్సు గాజులకి పాలిష్ పెట్టుకుంటున్నాడు, నేను వండుకుంటున్నాను. పస్తులుండం. తినండి."

ఆయన తిన్నాడు. చివరి మెతుకు దాకా తిన్నాడు. భయం ఇంకా ఉంది, కానీ ఆకలి కూడా ఉందని అప్పుడే తెలిసింది.

మూడూ పదికి ఆఫీసరు ప్రీతి స్కూటీ మీద వచ్చింది. ముప్పై దాటని మనిషి, భుజాన బరువైన సంచీ, ఎండకి మొహం ఎర్రబడింది. ఇద్దరు పెద్దమనుషుల కాగితాలు గబగబా చూసి సంతకాలు పెట్టింది. తరవాత సత్యవతమ్మ తన కాగితం బల్ల మీద పెట్టింది. శ్యాంబాబు ముందే సిద్ధంగా ఉన్నాడు.

"మేడమ్, వార్డు అంటే ఇళ్ళన్నీ ఆనుకుని ఉండాలని రూలు. ఈ నంబర్లన్నీ ఆనుకునే ఉన్నాయి. కిందటిసారి వార్డు జాబితాలోనూ ఈ నంబర్లే ఉన్నాయి, ఇళ్ళు మారినట్టు మన దగ్గర రికార్డేమీ లేదు."

ప్రీతి కాగితం చదివింది. "మీరు చెప్పేది నిజమే అయినా, అమ్మా, నాకు ఆధారం కావాలి కదా."

"మా ఇళ్ళు ఎక్కడున్నాయో ఆ సార్ చెప్పారుగా," అంది సత్యవతమ్మ. "మేమూ కాదనడం లేదు. రండి, చూపిస్తాం. రెండొందల గజాలే."

శ్యాంబాబు వద్దనేలోపే ప్రీతి లేచింది. శ్యాంబాబు జాబితా కట్ట దైవాధీనం చేతిలో పెట్టి, "నువ్వు చదువు, చాలు," అన్నాడు పళ్ళ బిగువున. ముందు ఆఫీసరు, పక్కన సెక్రటరీ, వెనక దైవాధీనం. నాలుగో వీధి చివరికి వచ్చేసరికి ముగ్గురూ ఆగిపోయారు.

సిమెంటు రోడ్డు ఉన్నట్టుండి తెగిపోయి ఏటి గట్టులోకి జారిపోయింది. గట్టు కింద బురద, దాని అవతల నీళ్ళు. ఆ నీళ్ళలో తలుపులు నిలబడి ఉన్నాయి. నాలుగు వీధుల చివరా, ఒడ్డు పొడుగునా, నాలుగు గుంపులుగా తలుపులు. టేకు తలుపులు, తాటి బద్దల తలుపులు, రేకు కొట్టిన తలుపులు, నీలం రంగువి, రంగు లేనివి. పైనా కిందా ఊచల మీద తిరిగే పాతకాలపు తలుపులు కొన్ని. ఒక్కో తలుపు వెనక ఒక్కో మనిషి, మోకాలు దాటిన నీళ్ళలో, రెండు చేతులా తలుపుని పట్టుకుని. బయటికి వేళ్ళు తప్ప ఎవరి మొహమూ కనపడటం లేదు. ఎదురుగా అంకెలు మాత్రం ఆకుపచ్చగా కనపడుతున్నాయి.

"ఇదేంటి?" అంది ప్రీతి.

"నాలుగు ఎనభై ఆరు నుంచి తొంభై ఆరు దాకా, ఏడో వార్డండి," అంది సత్యవతమ్మ. "మీ కాగితంలో ఉన్నట్టే పెట్టాం. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. సరి చూసుకోండి." ఇంక మాట్లాడకుండా గట్టు దిగి, అయిదో వీధి చివర తన తలుపు వెనక్కి వెళ్ళి నిలబడింది.

శ్యాంబాబు మొహం మాడిపోయింది. "ఇదంతా డ్రామా మేడమ్."

ప్రీతి అతని వైపు చూడలేదు. "చదవండి," అంది దైవాధీనంతో.

దైవాధీనం మైకు లేకుండా చదివాడు. "నాలుగు ఎనభై ఆరు."

"ఉన్నామండీ," అంది తలుపు వెనక నుంచి ఒక గొంతు.

"నాలుగు ఎనభై ఏడు."

"ఉన్నామండీ."

ఒక్కో నంబరూ చదువుతుంటే ఆయనకి ఆ వేళ తడిసిన మొహాలన్నీ జ్ఞాపకం వచ్చాయి. అయినా ఆగలేదు. అయిదో వీధి అయిపోయింది. పోటు మొదలైంది. సముద్రం వైపు నుంచి నీళ్ళు ఎగదన్నుతున్నాయి, ఆడవాళ్ళ చీర కుచ్చిళ్ళు తేలుతున్నాయి. ఎవరూ కదల్లేదు. గట్టు మీద ఊరి జనం పోగయ్యారు. పొద్దున టీ కొట్టు దగ్గర నవ్విన పెద్దమనిషి కూడా అక్కడున్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఆరు డెబ్భై ఏడు."

జవాబు లేదు. దైవాధీనం మళ్ళీ చదివాడు. "ఆరు డెబ్భై ఏడు. నాంచారమ్మ."

తన తలుపు వెనక నుంచి శ్రీను తల బయటపెట్టాడు. "ముసలమ్మకి జొరం మావయ్యా, లేవలేకపోతంది. తలుపు మోసుకొచ్చాం గానీ, మిగతావోళ్ళు వేటకీ మార్కెట్టుకీ పోయారు, పట్టుకునే మనిషి లేడు." నిజంగానే బురదలో ఒక తలుపు వెల్లకిలా పడుంది. ఒంటి రెక్క, పాత వేప చెక్క. అంచులదాకా నీళ్ళు వచ్చాయి.

శ్యాంబాబు జేబులోంచి పెన్ను తీశాడు. కాస్త ఊపిరి పీల్చుకున్నట్టున్నాడు. "మనిషి లేరు మేడమ్. ఈ ఇల్లు లేనట్టు రాసుకుందాం. దైవాధీనం, కొట్టెయ్యి దాన్ని."

దైవాధీనం జాబితా వంక చూశాడు. కాగితం చివర, తన బొటనవేలి పక్కన, ఆరు, గీత, డెబ్భై ఏడు. ఆ అంకెలు ఆ తలుపు మీద రాసిన రోజు నాంచారమ్మ కొడుకు బతికే ఉన్నాడు. రంగు ఆరేదాకా తలుపు ముట్టుకోవద్దంటే, ఆమె పక్కనే కూర్చుని ఈగల్ని తోలింది. కొట్టెయ్యాలట. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి దైవాధీనానికి ఒళ్ళు మండింది. చిన్నాచితకా కోపం కాదది.

"మీరు చదువుకోండి సార్," అని జాబితా శ్యాంబాబు చేతిలో పెట్టాడు. చెప్పులు విడవలేదు. అలాగే గట్టు జారి బురదలోకి దిగాడు. పిక్కల దాకా కూరుకుపోతూ వెళ్ళి, వంగి, ఆ తలుపుని రెండు చేతులా పైకెత్తాడు. నీళ్ళు తాగిన చెక్క, మనిషంత బరువుంది. ఛాతీకి ఆనించి, భుజం ఒడ్డి నిలబెట్టి, దాని వెనక్కి వెళ్ళాడు. గట్టు మీద వాళ్ళకి ఆయన మొహం కనపడలేదు. గొంతు మాత్రం వినిపించింది.

"ఆరు డెబ్భై ఏడు. ఉన్నామండీ!"

అటునుంచి ఇటు దాకా నలభై రెండు తలుపుల వెనక నుంచీ ఒక్కసారిగా అరుపు లేచింది.

శ్యాంబాబు మిగతావి చదవలేదు. ప్రీతి అతని చేతిలోంచి జాబితా తీసుకుని తనే చదివింది. ఏడో వీధి ఆఖరి నంబరు దాకా చదివి, కాగితాలు మడిచి, గట్టు అంచుకి వచ్చింది.

"వీళ్ళు ఇక్కణ్ణుంచి ఎప్పుడు వెళ్ళారు? తలుపులు ఎవరు తియ్యమన్నారు? తెలిసినవాళ్ళు ఎవరన్నా రాసివ్వగలరా? అది ఉంటే నాకు చాలు."

పాలెంవాళ్ళెవరూ దైవాధీనం పేరు బయటపెట్టలేదు. ఆ పేరు చెబితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. శ్యాంబాబు తలుపు వెనకున్న మనిషి వైపే చూస్తున్నాడు. దైవాధీనం తలుపు పక్కకి తల వంచి బయటికి చూశాడు.

"నంబర్లు రాసింది నేనండి. తలుపులు మొయ్యమన్నదీ నేనే. ఏ ఇల్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. పంచాయతీకీ తెలుసు, పదహారేళ్ళ నుంచి తెలుసు, రాసుకోలేదంతే. కాగితం ఇవ్వండి, నేను రాసిస్తాను."

గట్టు మీదే, స్కూటీ సీటు మీద కాగితం పెట్టి రాశాడు. బోర్డు రాసినట్టే రాశాడు, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. నలభై మూడు నంబర్లూ, వాటికెదురుగా పాలెంలో ఎవరి పక్కన ఎవరి ఇల్లో వరసగా. జాబితా చూడకుండా రాశాడు. కింద పేరు, దాని కింద 'పంచాయతీ పనివాడు' అని. ప్రీతి ఆ కాగితం తీసుకుని, పదండి అంటూ పాలెం బయల్దేరింది. తలుపుల్లేని ఇళ్ళ మధ్య నుంచి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచింది. కాగితం మీద తన చేత్తోనే చుట్టూ గీత గీసింది. తూర్పున డ్రెయిను, మిగతా మూడు వైపులా పొలాలు. లోపల 'పదో వార్డు' అని రాసింది. జ్వరంతో మంచం మీదున్న నాంచారమ్మ, తలుపు లేని గుమ్మంలోంచి ఆఫీసరుని చూసి, "మంచినీళ్ళు తాగుతావా అమ్మా?" అని అడిగింది. ప్రీతి తాగింది. ఆ బిందె ఎంత దూరం నుంచి వచ్చిందో సత్యవతమ్మ చెప్పింది.

అయిదున్నరకి అందరూ తలుపులు నెత్తిన పెట్టుకుని వంతెన మీద బారులు తీరారు. చీకటి పడకముందే బిగించుకోవాలి. శ్రీను వాళ్ళందరికంటే ముందు నడుస్తూ ఏదో అరుస్తున్నాడు, వెనకవాళ్ళు దానికి వంత పాడుతున్నారు.

దైవాధీనం పంచాయతీ ఆఫీసుకి వచ్చాడు. శ్యాంబాబు ఫోను జేబులో పెట్టుకుంటూ, ఆయన మొహం చూడకుండా చెప్పాడు. "నేను ముందే చెప్పాను. రేపట్నుంచి వేరేవాళ్ళని పెట్టుకుంటాం. నా చేతుల్లో లేదు."

"మీ చేతుల్లో ఎప్పుడుందండి," అన్నాడు దైవాధీనం. అతను తల ఎత్తాడు. దైవాధీనం బల్ల మీద తాళాలు పెట్టాడు. "ట్యాంకు వాల్వు పొద్దున్నే ఆరింటికి తిప్పాలి. కుడికే తిప్పండి, ఎడమకి తిప్పితే విరిగిపోద్ది. పాలెం పైపు వేశాక అరగంట ఎక్కువ వదలాలి. అది మర్చిపోకండి."

గోడ మీద, సెక్రటరీ కుర్చీ వెనక, క్యాలెండరు తీసేసిన మేకు ఒకటి ఉంది. దైవాధీనం పంచాయతీవాళ్ళు ఇచ్చిన ఖాకీ చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. చొక్కా తీసి, దులిపి, ఆ మేకుకి తగిలించాడు. బనీనుతోనే బయటికి వచ్చి సైకిలు ఎక్కాడు. ఊరి నడివీధిలోంచి, ఎవరికీ పక్కకి తప్పుకోకుండా, తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడున్నర దాటినా ఊళ్ళో కొళాయిలకి నీళ్ళు రాలేదు. శ్యాంబాబు గుడివాడ బస్సు దిగి ఆఫీసుకి వచ్చేసరికి గుమ్మంలో బిందెలు పట్టుకుని జనం ఉన్నారు. అతను లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చోబోయి, వెనక్కి చూసి, కూర్చోకుండా ఆగిపోయాడు. చొక్కా మేకు మీద అలాగే ఉంది. కుడి భుజం దగ్గర, తలుపు ఆనిన చోట, ఏటి బురద ఎండి తెల్లగా పొరలు కట్టింది.